పదకొండు సార్లు నొక్కిన బటన్

నా ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో చాలా రిపోర్టులు రాశాను. వాటిలో ఒక వాక్యం ఒక మనిషి పని పోగొట్టింది. ఆ వాక్యంలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. సాఫ్ట్‌వేర్ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, మీరు చేసిన మంచి పని ఏదైనా చెప్పండి మేడమ్ అంటుంటారు. మంచి పనులు ఎవరైనా చెప్పుకుంటారు. నేను ఈ వాక్యం సంగతి చెబుతాను.

మాది కేజీఎఫ్. మా తాత చిత్తూరు వైపు నుంచి బంగారు గని పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. నాన్నా గనిలోనే చేశాడు. నేను చదువు అయిన వెంటనే బెంగళూరు రైలెక్కి, ఇరవై ఆరేళ్లు రోజూ ఎక్కి దిగాను. నడుము ఇంక వద్దన్నాక, చివరి ఆరేళ్లు వేమగల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. పాల సొసైటీల్లో ఉండే బల్క్ కూలర్లకు కంట్రోల్ బాక్సులు తయారుచేసేవాళ్లం. పొద్దునా సాయంత్రం ఊళ్లోవాళ్లు పోసే పాలన్నీ ఒక పెద్ద స్టీలు తొట్టిలోకి పోతాయి. మోటారు తిరిగి వాటిని చల్లబరుస్తుంది. మర్నాడు ట్యాంకరు వచ్చి తీసుకుపోతుంది. ఆ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చూసుకునేది మా బాక్సు. అరచేతి వెడల్పు తెర, కింద పచ్చ బటన్ ఒకటి. లోపల చిన్న కంప్యూటరు, దానికో ఆపరేటింగ్ సిస్టమ్.

ఆ ఆపరేటింగ్ సిస్టమ్ అడుగున కెర్నెల్ అనే భాగం ఉంటుంది. మెషీన్‌లో గడియారం మార్చాలన్నా, పరికరాన్ని నేరుగా తాకాలన్నా, బాక్సును ఆపి మళ్లీ లేపాలన్నా ప్రోగ్రాము కెర్నెల్‌నే అడగాలి. అడిగిన ప్రతిసారీ కెర్నెల్ "నీకు ఆ అధికారం ఉందా" అని చూసి, ఉంటే చేస్తుంది, లేకపోతే కుదరదంటుంది. ఇలాంటి అధికారాలు నలభై రకాల దాకా ఉంటాయి. మా ప్రోగ్రాముకు మొదటినుంచీ అవన్నీ ఇచ్చేసి ఉన్నాయి. అంటే ఎవడైనా దొంగదారిన ఆ ప్రోగ్రాములోకి దూరితే బాక్సు మొత్తం వాడిదే. ఒక పెద్ద కొనుగోలుదారు సెక్యూరిటీ తనిఖీ చేయించి, ఇది మార్చితే తప్ప మీ బాక్సులు తీసుకోం అన్నాడు.

ఆ పని నాకు వచ్చింది. నాతో నంగలి నుంచి వచ్చే ఒక ఇంజనీరు ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా పద్ధతి సులువైనదే. కెర్నెల్ అధికారం తనిఖీ చేసే చోట ఒక ట్రేస్ పెట్టాం. ఎవరు ఏ అధికారం అడిగారు, దొరికిందా లేదా అన్నది ప్రతిసారీ ఒక లైనుగా రాసుకుంటుంది. అలా వారం రోజులు ఒక బాక్సును నడిపి, ప్రోగ్రాముకు నిజంగా ఏవి కావాలో చూసి, అవి మాత్రం ఉంచి మిగతావి తీసేయాలి.

వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత విసుగు. కెర్నెల్ చాలా తనిఖీలు ఊరికే చేస్తుంది. మెమరీ కావాలని అడిగినా ఒక పెద్ద అధికారం ఉందేమో చూస్తుంది, లేకపోయినా పని అయిపోతుంది. అలాంటి లైన్లు లక్షల్లో వచ్చాయి. వాటిని వడకట్టగా వడకట్టగా చివరికి అయిదు మిగిలాయి. నాలుగు రోజూ కనబడేవి. అయిదోది, గడియారం మార్చే అధికారం, వారం మొత్తంలో ఒకే ఒక్కసారి వచ్చింది. అదీ మొదటి రోజు, బాక్సును అట్టపెట్టెలోంచి తీసి కరెంటు పెట్టిన క్షణంలో.

"దీన్ని తీసేద్దాం" అన్నాను.

నంగలి అతను తెర మీంచి చూపు తిప్పకుండా, "ఒకసారే వచ్చినాది మేడమ్. కానీ వచ్చినాది కదా?" అన్నాడు.

"కొత్త బాక్సు కాబట్టి వచ్చింది. ఊళ్లో పెట్టాక టైము సిమ్ కార్డు తెస్తుంది. దానికి వేరే ప్రోగ్రాము, వేరే అధికారం ఉన్నాయి కదా."

"సిమ్ము దొరకని ఊర్లు ఉండాయి మేడమ్."

"ఎంతసేపు దొరకదు? గంటో రెండు గంటలో."

నేను ఆ లైను కొట్టేశాను. నిజం చెప్పాలంటే నాకు నాలుగు అనే అంకె నచ్చింది. నలభై నుంచి నాలుగుకు తెచ్చామని చెప్పుకోవడం బాగుంటుంది. తనిఖీకి వచ్చిన ఆయన ఆ పట్టిక చూసి, ఇంత శుభ్రమైన పని ఈ మధ్య చూడలేదన్నాడు. ఆ రోజు ఇంటికి పోతూ బంగారుపేటలో దిగి స్వీట్లు కూడా కొన్నాను. మార్చిన ప్రోగ్రాము ఊళ్లలో ఉన్న బాక్సులన్నిటికీ వెళ్లిపోయింది.

మే నెలలో గాలివాన వచ్చింది. శ్రీనివాసపురం వైపు మామిడితోటల్లో కాయ రాలిపోయింది, స్తంభాలు కూలాయి. గౌనిపల్లి దాటాక ఉండే ఒక ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి రెండు రోజులు కరెంటు లేదు. ఫోన్ టవరు కూడా పడిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు వచ్చింది. సాయంత్రం ఊరంతా మామూలుగా పాలు పోసింది. తెల్లారి ట్యాంకరు వచ్చేసరికి తొట్టిలో పాలన్నీ పులిసిపోయి ఉన్నాయి. చుట్టుపక్కల మూడు ఊళ్ల పాలు. కాలవలో పారబోశారు.

సర్వీసు మెకానిక్ వెళ్లేసరికి మోటారు చక్కగా తిరుగుతోంది. పాలు కొలిచి కూలర్ చూసుకునే ఆమె సాయంత్రం బటన్ నొక్కడం మరిచిపోయి, పొద్దున వచ్చి గుట్టుగా నొక్కి ఉంటుందని ఊళ్లో అనుకున్నారు. ఆమె మాత్రం నొక్కానంటోంది. సొసైటీవాళ్లు మా ఫ్యాక్టరీని రికార్డు చూసి చెప్పమన్నారు. ఆ పనీ నాకే వచ్చింది. బాక్సులో జరిగే ప్రతి పనికీ తేదీ, టైముతో ఒక రికార్డు ఉంటుంది. నేను ఆ రెండు తేదీలు ఇచ్చి వెతికాను. పొద్దున ఆరు దాటాక మోటారు మొదలైనట్టు ఉంది. ముందురోజు సాయంత్రం ఏమీ లేదు.

"ఆ సాయంత్రం స్టార్ట్ బటన్ నొక్కినట్టు రికార్డు లేదు" అని రాసి సంతకం పెట్టి పంపించాను. పది నిమిషాల పని. టీ కూడా చల్లారలేదు.

మూడు వారాలయ్యాక ఒక పూట గేటు నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "మేడమ్, గౌనిపల్లి పక్కనుంచి ఎవురో అమ్మ వచ్చినాది. రిపోర్టు రాసినోళ్లని చూసేదాకా పోనంటా ఉండాది."

నలభై దాటిన మనిషి. నీలం చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. మూడు బస్సులు మారి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"రిపోర్టు రాసినది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఆడమనిషి అని తెలీదు నాకు" అంది. ఒక క్షణం ఆగి, "తెలిసుంటే ముందే వచ్చుందును. మేడమ్, నేను ఆ బటన్ నొక్కినా. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. పదేండ్లుగా ఆ కూలర్ దగ్గర పని చేస్తా ఉండాను. నొక్కేది మరిచిపోతానా?"

బాక్సు రికార్డులో లేదని, మేం రికార్డును బట్టే రాయాల్సి ఉంటుందని చెప్పాను. ఇలాంటప్పుడు నా గొంతులో ఒక మర్యాద వస్తుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మర్యాదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

"రికార్డు నాకేం తెలుసు? నొక్కితే వెయిట్ అని చూపించినాది. ఎప్పుడూ చూపిస్తాది, అయిదు నిమిషాలు ఉండి తిరుగుతాది. ఆ పొద్దు తిరగలే. మళ్లీ నొక్కినా. మళ్లీ వెయిట్. మెకానిక్కుకి ఫోన్ చేస్తే టవర్ లేదు. సొసైటీ ప్రెసిడెంటు ఇంటికి పోయి చెప్తిని. అయిదు నిమిషాలు ఆగితే అదే తిరుగుతాదిలే పోమ్మా అనె. ఇప్పుడు ఆయప్ప నేనేమీ చెప్పలేదంటాడు. పనిలోంచి తీసేసి కూలర్ గది తాళంచెవి తీసుకున్నారు. ఊర్లో నన్ను చూసి ఆవులున్నోళ్లు మొగం తిప్పుకుంటారు."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. పక్కనే నిలబడి ఉన్న నంగలి అతను నన్ను దాటి ముందుకొచ్చాడు.

"అమ్మా, వెయిట్ అని ఎంతసేపు చూపించినాది?"

"పొద్దు మునిగినాక కూడా అదే ఉండె నాయనా. గంటన్నర పైనే చూసినా."

అతను నా వైపు చూశాడు. మోటారు ఆగిన వెంటనే మళ్లీ తిరిగితే కాలిపోతుంది, అందుకని అయిదు నిమిషాలు ఆగేలా చేసింది మేమే. గంటన్నర ఆగడానికి వీల్లేదు. బాక్సు గడియారం తప్పితే తప్ప.

ఆమెకు భోజనం పెట్టించమని క్యాంటీన్‌కు చెప్పి, మేమిద్దరం ఒక బాక్సు తీసుకుని కూర్చున్నాం. సిమ్ తీసేశాం. రెండు రోజులు కరెంటు లేకపోతే అయ్యేలాగే, గడియారాన్ని నడిపే లోపలి బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేశాం. మళ్లీ ట్రేస్ పెట్టి కరెంటు ఇచ్చాం. మొదటి నిమిషంలోనే ఒక లైను వచ్చింది: గడియారం మార్చే అధికారం, లేదు. తెర మీద తేదీ పందొమ్మిది వందల డెబ్బై జనవరి ఒకటి. బ్యాటరీ చచ్చిన కంప్యూటర్లకు కాలం అక్కణ్ణుంచే మొదలవుతుంది. అలాంటప్పుడు మా ప్రోగ్రాము ఆఖరుసారి దాచుకున్న టైమును తీసి గడియారంలో పెట్టాలి. అదే పెట్టబోయింది. అధికారం లేదని కెర్నెల్ కుదరదంది.

నంగలి అతను పచ్చ బటన్ నొక్కాడు. వెయిట్ అని వచ్చింది.

అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ఆ ఊళ్లో మోటారు ఆఖరుసారి ఆగింది ఈ ఏడాది మే నెలలో, బాక్సు గడియారంలో నడుస్తున్నది డెబ్బైలో జనవరి. ఆ లెక్కన బాక్సు ఇంకో యాభై ఏళ్లకు పైగా ఆగాలి. చెప్పిన మాట తు.చ. తప్పకుండా వింటోంది పాపం.

"ఆ ఊరి రికార్డు తెరవండి" అన్నాను. "మొదటి పేజీ."

మా సాఫ్ట్‌వేర్ రికార్డులను తేదీల వరుసలో చూపిస్తుంది. అందరం చివరి పేజీలే చూస్తాం. మొదటి పేజీలో, ఆ ఊళ్లో బాక్సు బిగించిన రోజు కన్నా పైన, డెబ్బై జనవరి ఒకటో తేదీ కింద ఉన్నాయి. స్టార్ట్ బటన్ నొక్కబడింది. స్టార్ట్ బటన్ నొక్కబడింది. వేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండు సార్లు. పొద్దున టవరు లేచి సిమ్ టైము తేగానే, గడియారం సరైపోయి, నొక్కి ఉన్న బటన్ పనిచేసి మోటారు దానంతట అది తిరిగింది.

ముందే చెప్పానని నంగలి అతను అని ఉంటే తేలికయ్యేది.

క్యాంటీన్‌లో ఆమె మజ్జిగన్నం ముగించి చెయ్యి కడుక్కుంటోంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, మీరు పదకొండు సార్లు నొక్కారు. రికార్డులో ఉంది. నేను చూడాల్సిన చోట చూడలేదు. ఆ బాక్సు చెడింది కూడా నా వల్లే."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "నన్నొక మాట అడిగుంటే ఏమయ్యుండు మేడమ్? ఫోన్ నంబరు ఉండాది కదా నాకు" అంది. తర్వాత, "సరే. ఇది ఊర్లో వచ్చి చెప్పండి. కాగితం పంపితే ప్రెసిడెంటు చదివి జేబులో పెట్టుకుంటాడు. పాలు పోసే టైముకి రండి. అందురూ ఉంటారు" అంది.

మేనేజరుకు చెప్పడం ఇంకో పని. ఆయన చెడ్డవాడేం కాదు, ఫ్యాక్టరీ నెత్తిన పెట్టుకున్నవాడు. "అన్ని బాక్సులకూ పాతలాగే అన్ని అధికారాలూ ఇచ్చేయండి. గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

"వద్దు సార్. కావాల్సింది ఒక్కటే. ప్రోగ్రాములో గడియారం సరిచేసే ముక్కకు మాత్రం ఆ ఒక్క అధికారం ఇస్తే చాలు. నంగలి అతను రాసేశాడు."

"అయితే అది పంపేయండి. మరి ఈ రెండో రిపోర్టు ఎందుకు? మీరు రాసిన దాంట్లో తప్పేముంది? ఆ తేదీలో రికార్డు లేదన్నారు. నిజంగానే లేదు కదా?"

"ఆమె పని పోయింది సార్."

"అది వాళ్ల సొసైటీ విషయం. రెండు నెలల్లో రిటైరవుతున్నారు. హాయిగా సన్మానం చేయించుకుని వెళ్లక ఎందుకు మేడమ్ ఇదంతా?"

నాకు ధైర్యం ఎక్కువని అనుకోకండి. రెండు నెలల్లో పోయేదాన్ని కాబట్టే మాట్లాడగలిగాను. ఇరవై ఏళ్ల ముందైతే ఏం చేసేదాన్నో తెలియదు. చివరికి ఆయన సంతకం పెట్టలేదు, వద్దనీ అనలేదు. "సెలవు పెట్టి వెళ్లండి. ఫ్యాక్టరీ తరఫున అని చెప్పకండి" అన్నాడు. రెండో రిపోర్టులో గడియారం లైనును నా సహోద్యోగి ముందే చూపించాడని, దాన్ని కొట్టేసింది నేనని రాశాను. "నా సంగతి ఎందుకు మేడమ్" అని నంగలి అతను ఇబ్బందిపడ్డాడు. ఉండనిచ్చాను.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు ఆ ఊళ్లో దిగాను. సొసైటీ గది ముందు క్యాన్లు, బిందెలు పట్టుకుని నలభై మంది దాకా ఉన్నారు. లోపల పాలు కొలిచే బల్ల దగ్గర ఆమె చోట ప్రెసిడెంటు బంధువు ఒకతను కూర్చున్నాడు. ఆమె గడప బయట, లైనుకు పక్కగా నిలబడి ఉంది. ప్రెసిడెంటు నా చేతిలో కాగితం చూసి, "లోపలికి రండి మేడమ్, కాఫీ తాగుతూ మాట్లాడదాం" అన్నాడు.

"ఇక్కడే చెప్పిపోతానండీ, బస్సుంది" అన్నాను.

అంతమంది ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు. కెర్నెల్, అధికారం అంటూ మొదలుపెట్టి, వాళ్ల మొహాలు చూసి మానేశాను. బాక్సులో గడియారం చెడిందని, అది చెడకుండా ఉండే వీలును తీసేసింది నేనేనని, ఈమె ఆ సాయంత్రం పదకొండు సార్లు బటన్ నొక్కిందని, రికార్డు సరిగా చూడకుండా నొక్కలేదని అర్థమయ్యేలా రాసింది కూడా నేనేనని చెప్పాను. మీ పాలు పోయింది నా వల్ల, ఆమె వల్ల కాదు అన్నాను.

లైనులోంచి ఒక పెద్దాయన, "పదకొండు సార్లా?" అన్నాడు.

"పదకొండు."

"ఆ పొద్దు మన ప్రెసిడెంటు ఇంటికి పోయి కూడా చెప్తినని అనె ఆయమ్మ" అంది వెనకనుంచి ఎవరో ఆడమనిషి. ప్రెసిడెంటు చెప్పు కొసతో నేల మీద గులకరాయి ఒకటి పక్కకు నెట్టాడు.

"సరే, మేడమ్ చెప్పినారు కదా. సోమవారం కమిటీ పెట్టి మాట్లాడదాం. ఇప్పుడు లైను నడవనీండి" అన్నాడు.

లైనులో మొదట ఉన్నది డెబ్బై ఏళ్ల ముసలామె. చిన్న క్యాను బల్ల మీద పెట్టబోయినది, వెనక్కి తీసుకుని కింద, తన కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"కమిటీ ఎప్పుడన్నా పెట్టుకోండప్పా. నా పాలు ఆ పిల్ల కొలిస్తేనే పోసేది."

"అవ్వా, పాలు చెడిపోతాయి" అన్నాడు ప్రెసిడెంటు.

"ఒకసారి చెడినాయి కదా. ఇంగోసారి చెడనీ."

ఆమె వెనకాయన క్యాను కింద పెట్టాడు. ఆయన వెనకామె బిందె దించింది. ఒక్కొక్కటిగా నేలకు తగిలిన చప్పుడు లైను చివరిదాకా పోయింది. అందరూ దించారని చెప్పను. నలుగురైదుగురు చేతుల్లోనే పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడ్డారు. బల్ల దగ్గరున్నతను ప్రెసిడెంటు మొహంలోకి చూశాడు, తర్వాత తనే లేచి పక్కకు జరిగాడు. ప్రెసిడెంటు జేబులోంచి తాళంచెవి తీసి, ఆమె చేతికివ్వకుండా, బల్ల మీద పెట్టాడు.

ఆమె ఒక క్షణం దాన్ని చూసింది. చెప్పులు బయట విడిచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, లోపలికి వచ్చి తాళంచెవిని కొంగున ముడేసుకుంది. కొలత గిన్నె తీసి ఎత్తి చూసి, "దీన్ని ఎవురు ఇట్ల కడిగినారు?" అని మళ్లీ కడిగింది.

"మేడమ్, స్వల్ప ఆ పక్కకి. తోవలో ఉండారు" అంది నాతో.

జరిగాను. ముసలామె వంగి క్యాను ఎత్తి ఇచ్చింది. మూడు లీటర్ల పైచిలుకు. ఆమె కొలిచి, పుస్తకంలో రాసి, తల ఎత్తకుండానే అడిగింది.

"తర్వాత ఎవురప్పా?"